లాగితే ఆగుదాం: దత్తత తెచ్చుకున్న పెద్ద కుక్కతో వీధిలో నడక

(తిరుపతిలో ఒక ఆదివారం ఉదయం, పెద్ద జాతి కుక్కల్ని దత్తత తీసుకున్న కుటుంబాల కోసం ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు ఒక మాట అడుగుతాను, మొహమాటం లేకుండా చేతులెత్తండి. కుడి భుజం నొప్పి ఎంతమందికి ఉంది? ఊఁ. ఎడమ భుజం? సరే. నొప్పితో చెయ్యి ఎత్తలేనివాళ్ళని కూడా లెక్కలో వేసుకుంటాను.

నవ్వండి, నవ్వండి. సాయంత్రం మళ్ళీ అదే తాడు పట్టుకోవాలి కదా. మగ లాబ్రడార్ అంటే 30 కిలోల పైమాటే. జర్మన్ షెపర్డ్ 40 దాకా పోతుంది. రాట్‌వైలర్ 50 దాటుతుంది. రాజపాళయం చూడ్డానికి సన్నంగా ఉంటుంది గానీ అది ఒక్కసారి దూకిందంటే ఎలా ఉంటుందో ఇక్కడ ముందు వరసలో కూర్చున్న అక్కకి బాగా తెలుసు. మోచేతికి ఆ కట్టు దేనికో నేను చెప్పక్కర్లేదు.

మీ దగ్గరికి వచ్చిన కుక్కలన్నీ ఇంకొకరింట్లో పెరిగినవి. రెండు నెలల పిల్లగా ముద్దుగా ఉందని కొన్నారు. ఏడాది తిరిగేసరికి పట్టుకోలేక వదిలేశారు. ట్రాన్స్‌ఫర్ అయిందంటారు, ఇంటి ఓనరు ఒప్పుకోలేదంటారు, ఏదో ఒకటి చెబుతారు. చిత్తూరు వైపు మామిడి తోటల్లో కాపలాకని గొలుసు వేసి పెంచినవి కూడా మీలో కొందరి దగ్గర ఉన్నాయి. ఆ కుక్కలకి వీధి అంటే ఏంటో తెలియదు. గొలుసు ఎంత దూరం పోతే అంతే దానికి లోకం. మన జంతు హింస నివారణ చట్టం 1960 నాటిది. అందులో సెక్షన్ 11 ఏమంటుందో తెలుసా? ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తగినంత తిప్పకపోతే అది కూడా నేరమే. కొట్టడం మాత్రమే కాదండీ, తిప్పకపోవడం కూడా. అరవై ఏళ్ళకి పైగా ఈ మాట చట్టంలో ఉంది. ఎంతమంది విన్నారు? సరే, ఎవరూ వినలేదు.

కాబట్టి నడక అన్నది మన సరదా కోసం చేసే పని కాదు, దానికి తిండి ఎంత అవసరమో ఇదీ అంతే. మరి తిప్పుదామంటే ఈడ్చుకుపోతుంది. ఏం చేయాలి? ఈ రోజు మాట్లాడుకునేది అదొక్కటే. కూర్చోమంటే కూర్చోవడం, షేక్‌హ్యాండ్ ఇవ్వడం, అవన్నీ ఇంకోరోజు.

అసలు కుక్క ఎందుకు లాగుతుంది? మీరే చెప్పండి. పొగరు. ఇంకా? మన మాటంటే లెక్క లేదు. ఇంకా? ఆ, వెనక సార్ అన్నారు, మన మీద పెత్తనం చేయాలని చూస్తోందని. రోజూ క్లినిక్‌కి వచ్చేవాళ్ళు చెప్పేవి కూడా ఇవే. వీటిలో ఒక్కటీ కాదు. లాగితే పని జరుగుతోంది కాబట్టి లాగుతోంది. అంతే.

ఒకసారి ఆలోచించండి. కరెంటు స్తంభం దగ్గర ఏదో వాసన వచ్చింది. లాగింది. మీరు, "ఏయ్, ఆగు, ఆగు" అంటూనే నాలుగడుగులు దాని వెనకే నడిచారు. స్తంభం వచ్చేసింది. కుక్కకి ఏం అర్థమైంది? లాగితే స్తంభం వస్తుంది అని. మీరన్న "ఆగు" దానికి అర్థం కాలేదు. మీ నాలుగడుగులు అర్థమయ్యాయి. ఎప్పుడో 1898లోనే థార్న్‌డైక్ అనే అమెరికా శాస్త్రవేత్త పిల్లుల్ని పెట్టెల్లో పెట్టి చూసి ఇదే చెప్పాడు. ఏ పని చేస్తే మంచి ఫలితం వచ్చిందో, జంతువు ఆ పనే మళ్ళీ చేస్తుంది. మీ కుక్క ఆ పాఠం మీ వీధిలో రోజుకి వంద సార్లు నేర్చుకుంటోంది. నేర్పుతున్నది ఎవరు? మనమే.

ఇంకో కారణం ఉంది. ఒక చిన్న పని చేయండి. పక్కన కూర్చున్నవాళ్ళ భుజం మీద చెయ్యి పెట్టి మెల్లగా నెట్టండి. పరవాలేదు, నెట్టండి. తెలిసినవాళ్ళనే నెట్టండి. చూశారా, మీరు నెట్టగానే వాళ్ళు కూడా మీ వైపు ఒత్తారు. ఒత్తాలని అనుకున్నారా? అనుకోలేదు. పడిపోకుండా శరీరం దానంతట అదే చేసింది. కుక్క మెడని మీరు వెనక్కి లాగితే దాని ఒళ్ళు ముందుకే ఒత్తుతుంది. మీరు ఇంకా గట్టిగా లాగుతారు, అది ఇంకా గట్టిగా ఒత్తుతుంది. రెండు కాళ్ళ మనిషికీ నాలుగు కాళ్ళ కుక్కకీ ఈ పోటీలో ఎవరు గెలుస్తారు? చెప్పక్కర్లేదు కదా.

మూడోది చాలా మామూలు విషయం. మన నడక దానికి మరీ నిదానం. అది తనకి హాయిగా ఉన్న వేగంతో పోతే మనం పరిగెత్తాల్సిందే. కాబట్టి మన పక్కన నెమ్మదిగా నడవడం కుక్కకి సహజంగా వచ్చే పని కాదు, నేర్పాల్సిన పని. నేర్పకుండా తిట్టడం అన్యాయం.

అందుకే నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. తాడు పట్టుకునేది చెయ్యి, నేర్పేవి కాళ్ళు. తాడు వదులుగా ఉంటే మీ కాళ్ళు కదులుతాయి. తాడు బిగిస్తే మీ కాళ్ళు ఆగిపోతాయి. ఇందులో అరుపులు లేవు, కొట్టడం లేదు, గుంజడం లేదు. వినడానికి సులువుగా ఉంది కదా? చేయడం ఎందుకు కష్టమో ఇప్పుడు చెబుతాను.

దానికి ముందు, నిన్నో మొన్నో కుక్కని తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ, మీరు. అమ్మా, మీరు ఈ వారం వీధిలోకి పోవద్దు. ఇల్లు కొత్త, మనుషులు కొత్త, వాసనలు కొత్త. కుక్కల్ని ఆదుకునే వాళ్ళు ఒక లెక్క చెబుతారు. కుదుటపడటానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, మన ఇల్లే తన ఇల్లనుకోవడానికి 3 నెలలు. ఇది రూలు కాదు, ఒక అంచనా. కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి రోజే ముచ్చటపడి లీలామహల్ సర్కిల్‌కి తీసుకుపోయి అందరికీ చూపిస్తే ఏమవుతుంది? అన్ని బస్సులు, ఆటోలు, అంతమంది జనం. అది భయంతో లాగుతుంది, మీరు పొగరనుకుంటారు. ముందు ఇంట్లో, తర్వాత మేడ మీద, తర్వాత గేటు, తర్వాత మీ సందు. కాంపౌండు లేనివాళ్ళు, మలమూత్రాలకి ఇంటికి దగ్గరగా ఒకే చోటికి తీసుకెళ్ళి వెంటనే తిరిగొచ్చేయండి. దాన్ని నడక అనుకోవద్దు.

ఇక సామాన్ల సంగతి. అన్నా, మీరు తెచ్చిన ఆ గొలుసు ఒకసారి ఇవ్వండి. అందరూ చూడండి. దీన్ని చోక్ చైన్ అంటారు. లాగితే మెడకి బిగుస్తుంది. షాపులో పెద్ద కుక్క అనగానే ముందు ఇదే చేతిలో పెడతారు. ఈ బిగుసుకునే చోట ఏముంటాయి? గాలిగొట్టం ఉంది, థైరాయిడ్ గ్రంథి ఉంది, తలకి పోయే రక్తనాళాలున్నాయి. 2006లో ఒక పరిశోధన చేశారు. మామూలు మెడ బెల్టుతోనే, గొలుసు కూడా కాదు, కుక్క లాగినప్పుడు కంటి లోపల ఒత్తిడి పెరిగింది. మెడకి కాకుండా రొమ్ముకీ భుజాలకీ పట్టీలుగా వేసే హార్నెస్‌తో అలా పెరగలేదు. మామూలు బెల్టుకే అలా ఉంటే దీని సంగతేంటి? లోపలికి ముళ్ళున్న బెల్టులు కూడా అమ్ముతున్నారు, వాటి గురించి నేను మాట్లాడను కూడా మాట్లాడను. 2021లో అమెరికాలో జంతు ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం స్పష్టంగా చెప్పింది: ఏ కుక్కకైనా, ఎంత మొండి కుక్కకైనా, బహుమతి ఇచ్చి నేర్పే పద్ధతే వాడండి, నొప్పితో, భయంతో నేర్పొద్దు అని. మెత్తని మనసుతో చెప్పిన మాట కాదది. నొప్పితో నేర్పితే కుక్కకి ఏం అర్థమవుతుందో తెలుసా? ఎదురుగా ఇంకో కుక్క వచ్చింది, మెడ నొప్పి పుట్టింది. మళ్ళీ ఇంకో కుక్క, మళ్ళీ నొప్పి. కొన్నాళ్ళకి ఇంకో కుక్క కనబడితేనే గుర్రుమంటుంది. మంచి కుక్కని మనమే కరిచే కుక్కని చేసినట్టు.

మరి ఏం కొనాలి? హార్నెస్ కొనండి. అయితే ఆగండి, హార్నెస్‌లో రెండు రకాలు. లీష్, అంటే మనం పట్టుకునే తాడు, తగిలించే రింగు వీపు మీద ఉండేది ఒకటి, రొమ్ము మీద ఉండేది ఒకటి. వీపు మీద రింగు ఉంటే బరువంతా భుజాల మీద పడుతుంది, ఎద్దుకి కాడి కట్టినట్టే. ఎద్దుకి కాడి ఎందుకు కడతాం? లాగడానికి. చాలామంది, "మేడమ్, హార్నెస్ వేశాక ఇంకా ఎక్కువ లాగుతోంది" అని వచ్చేది ఇందుకే. రొమ్ము మీద రింగు ఉన్నది తీసుకోండి. అది ముందుకి దూకగానే దాని ఒళ్ళే మీ వైపు తిరుగుతుంది. బలం సగానికి సగం పనికిరాకుండా పోతుంది. కొలత సరిగ్గా ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి, మూడో వేలు దూరకూడదు. చంక కింద ఒరుసుకుంటోందేమో రోజూ చూడండి, అక్కడ వెంట్రుకలు ఊడి ఎర్రబడితే వెంటనే మార్చండి.

భయపడే కుక్క అయితే హార్నెస్ నుంచి వెనక్కి జారిపోతుంది. దానికి హార్నెస్ ఒకటి, మెడకి బెల్టు ఒకటి, రెండింటికీ లీష్ తగిలించండి. బెల్టుకి మీ ఫోన్ నంబరున్న బిళ్ళ ఉండాలి. ఇంతకుముందు ఎవరినైనా కరిచిన కుక్క అయితే బుట్ట మాదిరి మూతి కవచం అలవాటు చేయండి. దాంతో అది నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు. గుడ్డతో మూతి బిగించి కట్టేస్తారే, ఆ రకం మన ఎండలో అసలు వద్దు.

లీష్ ఆరడుగులది చాలు. బటన్ నొక్కితే సాగే రకం ఉంది చూశారా, అది పెద్ద కుక్కకి వద్దే వద్దు. అది ఎప్పుడూ కొంచెం బిగుతుగానే ఉంటుంది, అంటే లాగితే దారి పొడుగవుతుందని మనమే నేర్పుతున్నాం. ఇక పట్టుకునే పద్ధతి. ఇది మాత్రం శ్రద్ధగా చూడండి. మీలో సగం మంది ఇలా మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంటారు. కదా? కొందరు వేళ్ళకి చుట్టుకుంటారు. జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళు 2023లో ఒక లెక్క బయటపెట్టారు. 2001 నుంచి 2020 దాకా అమెరికాలో కుక్కల్ని తిప్పుతూ దెబ్బ తగిలి అత్యవసర విభాగానికి వచ్చిన పెద్దవాళ్ళు 4 లక్షల 20 వేలకి పైనే. అందులో అన్నిటికంటే ఎక్కువ ఏంటో తెలుసా? వేలు విరగడం. తర్వాత తలకి దెబ్బ, తర్వాత భుజం బెణకడం. ఎందుకు విరుగుతుంది వేలు? చుట్టుకోవడం వల్ల. లీష్ పిడి బొటనవేలికి తగిలించండి, మిగతాది అరచేతిలో మడత పెట్టి గుప్పిట మూయండి. రెండో చెయ్యి లీష్ మధ్యలో. రెండు చేతులూ బొడ్డు దగ్గర. చేతులు చాచి పట్టుకుంటే భుజం పోతుంది. పొట్టకి ఆనించి పట్టుకుంటే మీ ఒంటి బరువంతా ఆసరాగా ఉంటుంది. మోకాళ్ళు కొంచెం వంచండి. అదీ.

సరే, ఇప్పుడు పాఠం. మొదటి పాఠం ఇంట్లోనే, లీష్ లేకుండానే. ఉడకబెట్టిన చికెన్, ఉప్పు కారం మసాలా ఏమీ లేకుండా, శనగ గింజంత ముక్కలు చేయండి. శాకాహారులైతే పనీర్ పెట్టండి, దాని రోజువారీ తిండిలోంచే తీసి పెట్టినా సరే. ఉల్లిపాయ తగలకూడదు. ఇంకో మాట, ఇది మన ఊరి మాట. లడ్డూ పెట్టొద్దు. మన ఇళ్ళలో లడ్డూ ఎప్పుడూ ఉంటుంది, పిలకాయలు ప్రేమగా ఇంత విరిచి కుక్కకి పెడతారు. లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ఎండుద్రాక్ష తింటే కుక్కకి మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. ఏ కుక్కకి ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పలేం, అందుకే అసలు వద్దంటున్నాం. ప్రసాదం మీరు తినండి, దానికి చికెన్ పెట్టండి.

ముక్క ఎక్కడ పెట్టాలి? అది ముఖ్యం. మీ ఎడమ తొడ పక్కన, ప్యాంటు కుట్టు దగ్గర. చీర కట్టుకున్నవాళ్ళు ఎడమ మోకాలి పైన అనుకోండి. చెయ్యి ముందుకి చాచి పెడితే కుక్క మీ ముందుకొస్తుంది, మీరు తట్టుకుని పడతారు. కుట్టు దగ్గర పెడితే అక్కడే ఉంటుంది. హాల్లో రెండడుగులు వేయండి. పక్కన వచ్చిందా? "భేష్" అనండి, ముక్క పెట్టండి. మళ్ళీ రెండడుగులు. మాట ముందు, ముక్క తర్వాత. మాట ఎప్పుడు రావాలి? అది మీ పక్కన ఉన్న ఆ క్షణంలోనే. దాటిపోయాక అంటే దాటిపోయినందుకు మెచ్చుకున్నట్టు. కొన్ని రోజులకి దానంతట అదే మీ మొహంలోకి చూడ్డం మొదలుపెడుతుంది. ఆ చూపు వచ్చిందంటే సగం పని అయిపోయింది. అప్పుడు లీష్ తగిలించి అదే ఆట మేడ మీద ఆడండి.

రెండో పాఠం గేటు. చాలామంది గేటు తెరిచాక పాఠం మొదలుపెడతారు. అప్పటికే ఆలస్యం అయిపోయింది. లీష్ చేతిలోకి తీయగానే గంతులేస్తుందా? లీష్ మళ్ళీ మేకుకి తగిలించి కూర్చోండి. పేపరు చదువుకోండి. శాంతించాక మళ్ళీ తీయండి. గేటు కొంచెం తెరవగానే దూసుకొచ్చిందా? మూసేయండి. మూతికి తగలకుండా మూయండి, మళ్ళీ చెబుతున్నాను, తగలకుండా. నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటే గేటు తెరుచుకుంటుంది, దూకితే మూసుకుంటుంది. తిట్టక్కర్లేదు. గేటే చెబుతుంది. మొదటి రోజు వీధిలోకి అడుగే పెట్టకపోవచ్చు. పరవాలేదు, ఆ రోజు నడక గేటు దగ్గరే అయిపోయిందనుకోండి.

ఇప్పుడు వీధి. నడుస్తున్నారు. తాడు బిగిసింది. ఏం చేస్తారు? ఆగుతారు. గుంజొద్దు, ఏమీ అనొద్దు, ఊరికే నిలబడండి. అది లాగుతుంది. లాగనివ్వండి. అటూ ఇటూ చూస్తుంది. కాసేపటికి, "ఏమైంది ఈ మనిషికి" అని వెనక్కి తిరిగి చూస్తుంది, లేదా అరడుగు వెనక్కి వేస్తుంది. తాడు వదులైంది. అదీ మీకు కావాల్సింది. వెంటనే భేష్ అని కదలండి. మళ్ళీ మూడడుగులకే లాగుతుంది. మళ్ళీ ఆగండి. కొన్ని కుక్కలకి ఆగడం చాలదు, గంటసేపైనా అట్లే లాగుతూ నిలబడతాయి. వాటితో వెనక్కి తిరిగి నడవండి. హుషారుగా పిలిచి తిరగండి, గుంజి తిప్పొద్దు. అది మీ పక్కకి వచ్చేసరికి ముక్క.

ఇందాక కష్టం ఎక్కడుందో చెబుతానన్నాను కదా. కష్టం ఇక్కడుంది. మొదటి రోజుల్లో ఎదురింటి గేటు దాకా పోవడానికి పావుగంట పడుతుంది. వాకింగ్‌కి వచ్చినవాళ్ళు, "ఏం సార్, కుక్క కదలట్లేదా" అంటారు. మనకి సిగ్గేస్తుంది. ఆఫీసుకి టైమవుతోంది. టెన్షన్. "పోనీలే, ఈ ఒక్కసారికి" అని దాని వెనకే నడుస్తాం. ఆ ఒక్కసారి ఎంత పని చేస్తుందో తెలుసా? ఎప్పుడూ ఫలితం ఇచ్చే పని ఇక ఫలితం ఇవ్వడం ఆపేస్తే జంతువు తొందరగానే మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం ఫలితం ఇచ్చే పనిని మానదు. అది మొండిగా ప్రయత్నిస్తూనే ఉంటుంది. పదిసార్లు ఆగి పదకొండోసారి వెనక నడిస్తే, పదకొండుసార్లు లాగాలని నేర్పినట్టు. కాబట్టి టైము లేని రోజు నడకే వద్దు. మేడ మీద ముక్కలు విసిరి వెతుక్కోమనండి. వాసన పట్టి వెతికితే కుక్కకి అలుపొస్తుంది, హాయిగా పడుకుంటుంది.

ఇంట్లో అందరిదీ ఒకే పద్ధతి ఉండాలి. పొద్దున మీరు ఆగుతారు, సాయంత్రం మీ అబ్బాయి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అది ఎటు లాగితే అటు పోతాడు. అప్పుడు కుక్కది తప్పా?

ఇంకొకటి, వాసన చూడనివ్వండి. దయచేసి. మనం పేపరు చదువుతాం, ఫోను చూస్తాం. దానికి ముక్కే అన్నీ. నడక పొడుగునా తల ఎత్తి మన పక్కన మార్చింగ్ చేయాలంటే ఏ కుక్క చేస్తుంది? పది అడుగులు వదులు తాడుతో నడిచిందా, "పో, చూసుకో" అని స్తంభం దగ్గరికి మీరే తీసుకెళ్ళండి. చికెన్ కంటే అదే పెద్ద బహుమతి. ఖర్చు కూడా లేదు.

ఇప్పుడు మీరందరూ అడగాలనుకుంటున్నది. వీధి కుక్కలు. కొర్లగుంట అయినా, భవానీ నగర్ అయినా, ఎం.ఆర్.పల్లి అయినా ప్రతి సందుకీ ఒక గుంపు ఉంటుంది, వాటికి హద్దులుంటాయి. మీ కుక్క లాగడానికి ముందు ఏం జరుగుతుందో గమనించండి. చెవులు ముందుకి వస్తాయి. అప్పటిదాకా నోరు తెరిచి రొప్పుతున్నది టక్కున నోరు మూస్తుంది. తోక బిగుసుకుంటుంది. బరువు ముందు కాళ్ళ మీదికి పోతుంది. అంతా ఒకటి రెండు సెకన్లే. ఆ సెకన్లలోనే మీరు పని చేయాలి. దూకాక మీ మాట దాని చెవికి ఎక్కదు. నోరు మూసిందా, మీరు తిరగండి. ఇరవై అడుగుల దూరంలో ముక్క తినగలుగుతోందా? ఆ దూరమే మీకు సరైన దూరం. చికెన్ మొహం కూడా చూడట్లేదంటే బాగా దగ్గరికి వచ్చేశారని అర్థం. దూరంగా కుక్క కనబడింది, ముక్క. మళ్ళీ కనబడింది, మళ్ళీ ముక్క. కొన్నాళ్ళకి కుక్క కనబడగానే మీ వైపు చూస్తుంది, "ఏది, నా ముక్క?" అని. ఆ రోజు నుంచి దూరం కొద్దికొద్దిగా తగ్గించండి. ఆవులకీ ఇదే పద్ధతి, బండ్లకీ ఇదే.

వీధి కుక్కే మీదికొస్తే? రాళ్ళు విసరొద్దు. రాయి మీ కుక్కని కూడా బెదిరిస్తుంది, ఆ గుంపుకి మీ మీద పగ పెంచుతుంది. మీ కుక్కని వెనక పెట్టుకుని మీరు ముందు నిలబడండి. గుప్పెడు బిస్కెట్లు దాని ముందు చల్లి, అది ఏరుకునేలోపు నడిచి వచ్చేయండి. పరిగెత్తొద్దు. మన కుక్కకి యాంటీ రేబిస్ టీకా ఏడాదికోసారి వేయించి కార్డు దగ్గర పెట్టుకోండి. మనిషికి కాటు పడితే సబ్బుతో, కారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి. మీ కుక్క ఇంకొకర్ని కరిస్తే, మీ అజాగ్రత్త వల్లనైతే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. "మాది ఏమీ అనదండీ" అన్న మాట కోర్టులో చెల్లదు.

ఎండ సంగతి రెండు మాటల్లో. మే నెలలో మనకి 40 డిగ్రీలు దాటడం మామూలే. తారు రోడ్డు మీద చెయ్యి వెనకవైపు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని అరికాళ్ళు కూడా కాలతాయి. పొద్దున్నే, లేదా రాత్రి భోజనాల వేళకి తీసుకెళ్ళండి. అయితే యూనివర్సిటీ వైపు, జూపార్కు రోడ్డు వైపు ఉండేవాళ్ళు మాత్రం తెల్లారకముందు, చీకటి పడ్డాక కొండ అంచుకి పోవద్దు. ఆ వైపు చిరుతలు కనబడిన సంగతి పేపర్లో చూస్తూనే ఉన్నాం. చిరుతకి కుక్క అంటే ఇష్టమైన తిండి. గంగమ్మ జాతర రోజుల్లో డప్పుల మధ్యకి తీసుకెళ్ళొద్దు. పాపం, దానికి వేషాలేంటో, డప్పులేంటో ఏం తెలుసు.

ఇక ప్రశ్నలు. ఆ, సార్ అడుగుతున్నారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే లాగడం తగ్గుతుందా అని. తగ్గదు సార్. ఆపరేషన్ చేయించడానికి వేరే మంచి కారణాలున్నాయి, చేయించండి. లాగడం అలవాటు, అలవాటుని ఆపరేషన్ తీసేయలేదు. అలాగే, బాగా నడిచే కుక్క ఉన్నట్టుండి నడవనని కూర్చుంటే మొండితనం అనుకోవద్దు. పెద్ద జాతుల్లో తుంటి కీళ్ళ నొప్పి ఎక్కువ. ముందు పరీక్ష చేయించండి.

అక్క అడిగింది చాలా మంచి ప్రశ్న. వాళ్ళ నాన్నగారికి డెబ్బై దాటాయట, రాట్‌వైలర్‌ని ఆయనే తిప్పుతానంటారట. పెద్దాయనకి వద్దని చెప్పడం కష్టం, నాకు తెలుసు. వద్దనకండి. పని పంచండి. మేడ మీద పాఠం, తిండి పెట్టడం, గేటు దగ్గర కూర్చోబెట్టడం, ఇవన్నీ నాన్నగారివి. కుక్క ఎవరి చేతి ముక్క తిని నేర్చుకుంటుందో వాళ్ళ మాట వింటుంది. వీధిలోకి మాత్రం మీరు లీష్ పట్టుకోండి, ఆయన పక్కన నడుస్తారు. అది వదులు తాడుతో నెలల తరబడి నడిచాక, వీధి కుక్క ఎదురైనా మీ వైపు చూసే స్థితికి వచ్చాక, అప్పుడు ఆలోచిద్దాం. నడుముకి కట్టుకునే లీష్ మాత్రం ఆయనకి కొనివ్వొద్దు. కుక్క దూకితే వదిలేయడానికి కూడా ఉండదు.

ఎన్నాళ్ళు పడుతుందని అడుగుతున్నారు. కొన్ని కుక్కలకి వారాలు, గొలుసు మీద ఏళ్ళు గడిపిన వాటికి నెలలు. ఒకరోజు బాగా నడిచి మర్నాడు మళ్ళీ మొదటికొస్తుంది, కంగారు పడొద్దు. ముందు రోజు టపాసులు పేలాయా, ఇంటికి చుట్టాలొచ్చారా, చూసుకోండి. అలాంటి రోజు మేడ మీదే పాఠం.

సరే, ఎండ ఎక్కుతోంది. వెనక గ్రౌండులో నీడ ఉన్నంతసేపు చేసి చూద్దాం. లాబ్రడార్లు, షెపర్డ్‌లు గోడ వైపు రండి, ఒక్కో కుక్కకీ మధ్య ఇరవై అడుగులు వదలండి. రాట్‌వైలర్ వాళ్ళు అందరూ సర్దుకున్నాక రండి. రాజపాళయం అక్కా, మీరు ఈ రోజు లీష్ పట్టుకోవద్దు, ఆ కట్టు విప్పేదాకా మీ తమ్ముడికివ్వండి. చికెన్ తేనివాళ్ళు నా దగ్గర తీసుకోండి, గిన్నెలు కింద మాత్రం పెట్టొద్దు.